యుగోస్లావియా వైపు నుంచి వచ్చిన ఆవు

ఆ రోజుల్లో ప్రపంచంలో ఉన్న చిక్కులన్నిటికీ విరుగుడు మా రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో, కిటికీ పక్కనున్న రెండో బీరువాలో ఉందని నాకు గట్టి నమ్మకం. అది తెలుగు బీరువా. శ్రీకాకుళం, విజయనగరం వైపుల నుంచి బిలాస్‌పూర్ రైల్వేకు వచ్చి స్థిరపడిన మా తాతల తరం వాళ్లు తలా ఒక పుస్తకం ఇచ్చి దాన్ని నింపారు. మా తరానికి వచ్చేసరికి దాని తాళం తీసేవాళ్లే లేరు. అందరం హిందీ బళ్లలో చదివినవాళ్లం. తెలుగు మాట్లాడమంటే గంటలకొద్దీ మాట్లాడతాం గానీ చదవమంటే పెళ్లి శుభలేఖ దగ్గరే చెమటలు పడతాయి. నేను మాత్రం ఉద్యోగం వచ్చేలోపు దొరికిన ఖాళీలో అమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకుని, సొంతంగా చదువుకుంటూ, ఆ బీరువా పై అర నుంచి కింది అర దాకా దిగివచ్చాను. (కింది అరను నాకంటే ముందే చెదలు చదివేశాయి.) ఈ సంగతి ఎవరు పరిచయమైనా మొదటి ఐదు నిమిషాల్లో చెప్పేవాణ్ణి. అందువల్ల కాలనీలో నా అసలు పేరు పోయి ‘లైబ్రరీ’ అన్న పేరు మిగిలింది. అది పొగడ్త అని చాలా ఏళ్లు అనుకున్నాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. క్రూ లాబీలో, అంటే రైళ్లు నడిపేవాళ్లు డ్యూటీ ఎక్కేముందు, దిగిన తర్వాత వచ్చి సంతకాలు పెట్టే ఆఫీసులో, కొత్తగా క్లర్కుగా చేరాను. నాన్న గూడ్సు గార్డు. (ఇప్పుడా ఉద్యోగానికి ట్రైన్ మేనేజర్ అని పేరు మార్చారు. పేరు పెద్దదైంది గానీ బండి చివర ఆయన కూర్చునే డబ్బా మాత్రం పెరగలేదు.) మా క్వార్టరు వెనకగోడకు అవతల క్వార్టరులో ఉండే ఆయన గూడ్సు డ్రైవరు. సొంతూరు రతన్‌పూర్. ఛత్తీస్‌గఢీలో చిన్నాన్నను కకా అంటారు; నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన కకా, ఆయన భార్య కాకీ. మా రెండిళ్లకూ మధ్యనున్న గోడలో ఒక తలుపు ఉండేది. రైల్వేవాళ్ల ప్లానులో లేని తలుపు అది, నేను పుట్టకముందే నాన్న, కకా కలిసి ఇటుకలు ఊడదీసి పెట్టుకున్నారు. అందులోంచి అమ్మ గోంగూర పచ్చడి అటు వెళ్లేది, కాకీ పోసిన బియ్యప్పిండి చీలా అట్లు ఇటు వచ్చేవి. కకాకు తెలుగు కూడా ఆ తలుపులోంచే వచ్చింది. అందుకే ఆ రతన్‌పూర్ మనిషి ‘ఏటి గార్డ్ బాబూ, ఇయ్యాల కూర ఏటి’ అని అడుగుతుంటే కొత్తగా వచ్చినవాళ్లు ఆయనది పలాస అనుకునేవాళ్లు.

ఇద్దరూ ఒకే బండి మీద ముప్ఫై ఏళ్లు తిరిగారు. ఒకే బండి అన్న మాటేగానీ, ఇంజనులో కకా, చిట్టచివరి డబ్బాలో నాన్న, నడుమ యాభై ఎనిమిది బొగ్గు వ్యాగన్లు. నాన్న పచ్చజెండా ఊపితే కకా హారన్ కొట్టి బండి తీస్తాడు, ఎర్రజెండా చూపిస్తే ఆపుతాడు. గతౌరా లూప్ లైనులో బండిని గంటలకొద్దీ పక్కన పెట్టినప్పుడు నాన్న ఆ యాభై ఎనిమిది వ్యాగన్లూ నడుచుకుంటూ వచ్చి ఇంజను పక్కన నిలబడి కకా ఫ్లాస్కులోని టీ తాగి మళ్లీ అంతదూరం వెనక్కి నడిచేవాడు. కకాకు ఒకే ఒక్క గర్వం ఉండేది. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసులో ఎర్రసిగ్నలును ఒక్కసారి కూడా దాటలేదు. డ్రైవర్లకు అంతకంటే పెద్ద బిరుదు లేదు. ఆయన రిటైరవడానికి ఇంకా రెండు నెలలున్నాయి. ఆఖరి బండికి ఇంజనుకు దండలు కట్టి, బాజాలు వాయించి పంపడం మావాళ్ల ఆనవాయితీ. ఆ బండికి గార్డుగా నాన్నే రావాలని కకా ఎప్పుడో అర్జీ రాసిచ్చాడు. ఆ అర్జీ మా లాబీలో, నా టేబులు సొరుగులోనే ఉండేది.

సరిగ్గా అప్పుడు ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలైంది. కాలనీ అంతా పటంలో వేలుపెట్టి చూపించలేని దేశాల జెర్సీలు వేసుకుని తిరుగుతోంది. అదే వారంలో నేను తెలుగు బీరువాలో దొరికిన, ప్రపంచ దేశాల గురించిన ఒక లావుపాటి పుస్తకం చదువుతున్నాను. (అట్ట ఊడిపోయింది, దానితోపాటు పేరూ, అచ్చయిన సంవత్సరమూ ఊడిపోయాయి. అది ముఖ్యమని అప్పుడు తోచలేదు.) అందులో ఒక అధ్యాయం అంతర్జాతీయ క్రీడలు దేశాలను ఎలా దగ్గర చేస్తాయో చెప్పేది. పూర్వం గ్రీకులు ఆటల కోసం యుద్ధాలే ఆపేసేవారట. చదువుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. ఇంత గొప్ప సంగతి మా కాలనీకి అందకుండా ఉండటం అన్యాయమనిపించింది. ఇన్‌స్టిట్యూట్ సెక్రటరీగారికి ఆరు పేజీల అర్జీ రాసి, కాలనీలో ప్రపంచకప్ పెడదామని ఒప్పించాను.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. దేశాలను దగ్గర చేయాలంటే ముందు దేశాలుండాలి. మా కాలనీలో అవి లేవు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, బెంగాలీలు, ఛత్తీస్‌గఢీవాళ్లు ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని, ఒకళ్ల పిల్లలకు ఇంకొకళ్లు తలలు దువ్వుతూ, ఏ క్రమశిక్షణా లేకుండా కలిసిపోయి ఉన్నారు. కలిసి ఉన్నవాళ్లను కలపడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, ముందు వాళ్లను విడదీశాను. నాలుగు క్వార్టర్ల లైన్లను నాలుగు దేశాలుగా ప్రకటించి, ఆ పుస్తకంలో ఆటల్లో మంచి పేరున్నట్టు రాసిన దేశాల పేర్లు చీటీలు వేశాను. మా లైనుకు యుగోస్లావియా వచ్చింది. గోడ అవతల కకా లైనుకు చెకోస్లొవేకియా. మరి ఈ దేశాలేవీ టీవీలో ఆడటం లేదేమని ఎవరో అడిగితే, ఈసారి క్వాలిఫై అయి ఉండవని చెప్పాను. లైబ్రరీ చెప్పాడు కదా అని నమ్మారు.

దేశభక్తి ఇంత తొందరగా పుడుతుందని నేను అనుకోలేదు. వారం తిరక్కుండానే కాకీ ఆ పొడవాటి పేరును కుదించి ‘హమర్ చెకో’, అంటే మన చెకో, అనడం మొదలుపెట్టింది. అమ్మ పాత చీర చింపి యుగోస్లావియా జెండా కుట్టింది. కుళాయి దగ్గర ఏ దేశం బిందె ముందన్న చర్చ వచ్చింది. మిగతా రెండు దేశాలూ మొదటి రౌండులోనే ఓడిపోయి, ఆ సాయంత్రం నుంచే మళ్లీ సుఖంగా బతకసాగాయి. ఫైనల్లో మిగిలింది మేమూ, కకావాళ్లూ.

గీత పక్కన జెండాతో నిలబడే లైన్స్‌మన్‌గా ఎవరుండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నాన్న పేరు చెప్పింది కకాయే. సొంత లైను ఆడుతుంటే సొంత మనిషి ఎలాగని చెకోవాళ్లు గొణిగితే, గార్డ్ బాబు చూపించిన జెండా మీద నేను ముప్ఫై ఏళ్లు బండి నడిపాను, మీకు పది నిమిషాల బంతికి నమ్మకం లేదా అని వాళ్ల నోళ్లు మూయించాడు. పైగా కాలనీలో సొంత జెండాలున్నది గార్డులకే. నాన్న డ్యూటీ జెండాలు రెండూ, ఎర్రదీ పచ్చదీ, చుట్టి చంకలో పెట్టుకుని వచ్చి, ఆఫ్‌సైడ్ అంటే ఏటని నన్ను అడిగాడు. నాకూ తెలియదు. తెలియదని చెప్పే అలవాటు లేక, ఆట పుట్టు పూర్వోత్తరాల గురించి ఒక పావుగంట చెప్పాను. నాన్న మర్యాదగా విని, అక్రమం ఏదైనా కనబడితే జెండా ఎత్తితే సరిపోతుంది కదా అన్నాడు. సరిపోతుందన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం వానకు తడిసిన గ్రౌండులో మ్యాచి ఒకటీ ఒకటిగా ఆఖరి నిమిషాల దాకా వచ్చింది. అప్పుడు చెకోవాళ్లలో ఒకడి కాలు బెణికితే, మనిషి తక్కువైతే బాగుండదని, అరవైకి దగ్గరపడ్డ కకా ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగాడు. పరుగెత్తలేడు కనుక మా గోలు దగ్గర ఒక మూల నిలబడ్డాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఎక్కడి నుంచో చెకోవాడొకడు తన్నిన బంతి ఎగిరివచ్చి సరిగ్గా ఆయన కాళ్ల ముందు పడింది. మా గోల్‌కీపర్ బురదలో జారి వెల్లకిలా ఉన్నాడు. ఎదురుగా ఖాళీ గోలు. కకా రెండడుగులు వేసి కాలు వెనక్కి తీశాడు. ఆ క్షణాన గీత పక్కన నిలబడ్డ నాన్న ఎర్రజెండా ఎత్తాడు.

కకా ఆగిపోయాడు. ఆగిపోవడమంటే మామూలుగా కాదు. ముప్ఫై ఎనిమిదేళ్ల బ్రేకు ఆయన మోకాళ్లలో పడింది. వెనక్కి తీసిన కాలు గాల్లోనే ఉండిపోయింది. రెఫరీగా ఉన్న సెక్రటరీగారు అప్పుడు కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు, జెండా చూడలేదు, ఈల వేయలేదు. మావాడొకడు వచ్చి కకా కాళ్ల ముందు నుంచి బంతిని తీసుకుపోయి అవతలి చివర గోలు కొట్టేశాడు. యుగోస్లావియా గెలిచింది. అప్పటికీ కకా అక్కడే నిలబడి జెండా దించుతారేమోనని చూస్తున్నాడు.

తర్వాత ఆయన నెమ్మదిగా నాన్న దగ్గరకు నడిచి వచ్చాడు. ‘దేనికి సూపించినావు గార్డ్ బాబూ?’ అని మాత్రం అడిగాడు. చుట్టూ రెండు దేశాల ప్రజలు మూగి ఉన్నారు. నాన్న జెండా చుట్టుకుంటూ, ఎదర ఆవు వచ్చిందన్నాడు. అడ్డం వస్తే ఎర్రజెండా చూపించడం గార్డు ధర్మమన్నాడు. గ్రౌండులో ఆవులు తిరగడం మా కాలనీలో వింత కాదు గానీ, ఆ సాయంత్రం దాన్ని చూసినవాళ్లు మాత్రం యుగోస్లావియాలోనే ఉన్నారు. చెకోస్లొవేకియాలో ఒక్కరూ చూడలేదు. కకా మడిచిన ప్యాంటు దించుకుని వెళ్లిపోయాడు. ఇంటికెళ్లాక గోడలో తలుపుకు అటువైపు నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. కాసేపటికి నాన్న కూడా లేచి ఇటువైపు నుంచి గడియ వేసివచ్చాడు. మ్యాచి నిర్వాహకుడిగా ఇన్‌స్టిట్యూట్ రిజిస్టరులో నివేదిక రాయవలసినవాణ్ణి నేను. ఆవు వచ్చినట్టు రాశాను. గ్రీకుల గురించి చదివి కన్నీళ్లు తుడుచుకున్న చేత్తోనే రాశాను.

మూడు వారాలు రెండిళ్ల మధ్య మాటల్లేవు. లాబీలో ఇద్దరూ ఎదురుపడితే చెరొక గోడ వైపు తిరిగి సంతకాలు పెట్టేవారు. కకా ఆఖరి బండి రోజు దగ్గరపడుతోంది. నాన్న మాత్రం ఆ రోజు తాను జబ్బు సెలవు పెట్టి సిక్కులో పడతానని అందరికీ వినబడేలా ప్రకటించాడు. (రైల్వేలో జబ్బు ముందే తేదీ చెప్పి వస్తుంది.) కకా మనసు నొచ్చుకున్నది ఓటమికి కాదని నాకు తెలుసు. తాను ఆగుతాడని తెలిసే నాన్న ఆ జెండా ఎత్తాడని ఆయన అనుకున్నాడు. అర్జీ మార్చమంటారా అని ఒకరోజు లాబీలో నేను అడిగితే, ‘రాసింది రాసిందే’ అని వెళ్లిపోయాడు.

ఇంట్లో అమ్మ వంట మానలేదు గానీ కూరలో రుచి మానేసింది. ఒకనాడు భోజనానికి కూర్చున్నాక నేను బీరకాయ బాగాలేదంటే, ‘యుగోస్లావియావోళ్లు ఏటి తింటారో నీ లైబ్రరీలో సూసి రా, రేపట్నుంచి అదే వండుతాను’ అంది. అప్పుడే, కాలేజీలో చదువుతున్న మా చెల్లి ఫోనులోంచి తల ఎత్తి, చాలా మామూలుగా, ‘అన్నయ్యా, అసలు ఆ రెండు దేశాలూ లేవంట. నువ్వు పుట్టే నాటికే ముక్కలైపోయినాయంట’ అంది. ఫోను లాక్కుని చూశాను. నిజమే. అట్ట ఊడిన పుస్తకం నన్ను మోసం చేసింది. ఇది శాంతికి పనికొస్తుందన్న ఆశతో నాన్న వైపు తిరిగి, మనం ఏ దేశాల కోసం పోట్లాడుకున్నామో అవి పటంలోనే లేవని వివరించాను. నాన్న మజ్జిగ కలుపుకుంటూ, ‘దేశం లేకపోతే ఏటి, గెలిసినాం కదా’ అన్నాడు.

చివరికి నా విజ్ఞానమే ఈ ముడి విప్పాలని, చరిత్రలోని సంధి ఒప్పందాల పద్ధతిలో నాలుగు షరతులతో ఒక కాగితం రాసుకుని కకా ఇంటికి బయలుదేరాను. తలుపులోంచి అయితే రెండడుగులు. గడియ పడింది కనుక లైనంతా నడిచి, రోడ్డెక్కి, అవతలి లైనంతా నడిచి వెళ్లాను. విదేశీ ప్రయాణం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. కకా వరండాలో కూర్చుని ఆఖరి డ్యూటీకి బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. కాగితం అందుకుని చదవకుండానే పక్కన పెట్టి నన్ను చూశాడు.

‘నువ్వు సూసినావా ఆవుని?’

నేను చూడలేదు. ఆ మాట చెప్పడానికి అంత దూరం నడిచి వచ్చినట్టే ఉంది. కానీ నాన్న మొహం గుర్తొచ్చింది, రిజిస్టరులో నా దస్తూరి గుర్తొచ్చింది.

‘చూశాను కకా.’

‘ఏ రంగు?’

‘ఎర్రది.’

‘మెళ్లో గంట ఏటైనా ఉందా?’

‘ఉంది.’

‘అచ్ఛా,’ అని కకా బూటు మీద బ్రష్షు రెండుసార్లు ఆడించాడు. ‘సదువుకున్నోడివి. నువ్వు సూసినావంటే ఉండే ఉంటాది.’

వెనక్కి వచ్చేటప్పుడు ఆ దారి ఇంకా పొడవైంది.

ఆఖరి బండి రోజు పొద్దున్న నేను లేచేసరికి నాన్న తెల్ల యూనిఫాం వేసుకుని, అద్దం ముందు నిలబడి, మామూలుగా కొక్కేనికే వదిలేసే టోపీని సరిచేసుకుంటున్నాడు. సిక్కు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమ్మ రెండు టిఫిను డబ్బాలు కట్టి ఆయన చేతికిచ్చింది. రెండోది ఎవరికని నాన్న అడగలేదు. అడగకపోయినా అమ్మ చెప్పింది, ‘అది చెకోస్లొవేకియాకి.’ నాన్న రెండూ సంచిలో పెట్టుకుని, పెద్దగా చప్పుడు చేస్తూ చెప్పులు వదిలి బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. బండి వెళ్లేది కోర్బా వైపు, బొగ్గుకు ఖాళీ వ్యాగన్లతో. నేను దండలు పట్టుకుని యార్డుకు వెళ్లాను.

ఇంజనుకు బంతిపూల దండలు వేశారు. బాజావాళ్లు వాయించారు. కాకీ కొంగుతో కళ్లొత్తుకుంది. సిగ్నలు పచ్చ అయింది. దూరంగా, యాభై ఎనిమిది వ్యాగన్లకు అవతల, చిట్టచివర ఒక పచ్చ చుక్క ఊగడం మొదలుపెట్టింది. అది నాన్న. కకా దాన్ని చూశాడు. అయినా బండి తీయలేదు. జెండా ఇంకా గట్టిగా ఊగింది. బాజాలు ఆగిపోయాయి. కకా నింపాదిగా వాకీటాకీ తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు. అందులో ఒకడు మాట్లాడితే యార్డు యార్డంతా వింటుంది.

‘గార్డ్ బాబూ, ఎదర పట్టాల మీద ఆవు ఏటైనా ఉందా?’

(బండి చివర ఉన్న మనిషిని బండి ముందు ఏముందని అడిగిన డ్రైవరు రైల్వేలో ఇంకొకడు ఉండడు.) కాసేపు గరగరమని శబ్దం వచ్చింది. తర్వాత నాన్న గొంతు.

‘లేదు.’

‘బాగా సూసి సెప్పు. ముప్ఫై ఎనిమిదేళ్ల సర్వీసు.’

‘లేదు భయ్యా.’

‘ఆ రోజు?’

ఈసారి గరగర కూడా రాలేదు. ఇంజను పక్కన నిలబడి నేను చేతిలోని దండలో పూలు లెక్కపెట్టసాగాను. పచ్చ సిగ్నలు ఎదురుచూస్తోంది. బండి ఎందుకు కదలడం లేదని కంట్రోలు ఆఫీసు నుంచి ఎవరో హిందీలో అరవడం మొదలుపెట్టారు. కకా విననట్టే కూర్చున్నాడు.

‘ఆ రోజూ లేదు,’ అన్నాడు నాన్న చివరికి. ‘నువ్వు ఒక్కడివీ గోలు ముందర కనబడ్డావు. నా సెయ్యి లేసిపోయింది భయ్యా.’

కకా వాకీటాకీ కింద పెట్టాడు. మొహంలో ఏ భావమూ లేదు. కిటికీలోంచి వంగి, చేతిలో మిగిలిపోయిన దండతో నిలబడ్డ నన్ను చూశాడు.

‘మరి గంట, లైబ్రరీ?’

నేను నోరు తెరిచేలోపు ఆయన హారన్ కొట్టాడు. అంత పొడవు హారన్ బిలాస్‌పూర్ యార్డులో నేను మళ్లీ వినలేదు. వ్యాగన్లు ఒకటొకటిగా నా ముందు నుంచి సాగిపోయి, చివరి డబ్బా వచ్చేసరికి నాన్న గుమ్మంలో నిలబడి ఇంకా జెండా ఊపుతూనే ఉన్నాడు. ఆ అవసరం దాటిపోయి చాలాసేపైంది. ఆ నాలుగు నిమిషాల ఆలస్యానికి కారణం లాబీ రిజిస్టరులో రాయవలసి వచ్చింది నేనే. పశువు లేకపోవడం వల్ల అని రాసే వీలు లేక, సాంకేతిక కారణమని రాశాను. సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి గోడలో తలుపు తీసే ఉంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. నాన్న కూడా రిటైరయ్యాడు. ప్రపంచకప్పులు వస్తూనే ఉన్నాయి, ఆటలు దేశాలను కలుపుతాయని టీవీలో చెబుతూనే ఉన్నారు. నేను కాదనను. ఆ మధ్య తెలుగు బీరువాను వేరే గదికి మారుస్తుంటే, దాని వెనక పడిపోయి ఉన్న ఒక సన్నటి పుస్తకం దొరికింది. ఫుట్‌బాల్ నియమాలు. అక్కడే నిలబడి చదివాను. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. గోలు దగ్గర ముందే మాటువేసి నిలబడ్డ మనిషికి అలా బంతి అందితే లైన్స్‌మన్ జెండా ఎత్తవలసిందే. అంటే, నాన్న చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. ఆవు అవసరమే లేదు. నేను గ్రీకుల దగ్గరకు వెళ్లకుండా ఈ సన్న పుస్తకం చదివి ఉంటే సరిపోయేది.

ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని, పోయిన నెల నాన్నను తీసుకుని రతన్‌పూర్ వెళ్లాను. కకా ఇప్పుడు అక్కడ సొంత ఇంట్లో ఉంటున్నాడు, కాస్త పొలం, రెండు ఆవులు. అందులో ఒకటి ఎర్రది. మెడలో గంట కట్టి ఉంది. నన్ను చూడగానే కకా దాని వీపు తట్టి, ‘ఇదుగో, నువ్వు సూసిన ఆవు. పేరు యుగో’ అన్నాడు. నాన్న అంతగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. ముసలాళ్లిద్దరూ నులకమంచం మీద కూర్చుని ఆ కథను మొదటి నుంచి మళ్లీ చెప్పుకోసాగారు, నాన్న తన తప్పును కకా కంటే గొప్పగా వర్ణిస్తున్నాడు. ఇరవై మూడేళ్ల వయసులో అయితే నేను వెంటనే సంచిలోంచి పుస్తకం తీసి, పేజీ నంబరుతో సహా చదివి వినిపించేవాణ్ణి. సంచి మూతి ఇంకాస్త బిగించి ముడివేసి, లేచి వెళ్లి యుగోకు కాస్త గడ్డి వేశాను.